కొండచిలువ కోడలు, నాలుగో రీలు

మా ఇస్రాయేలన్నకు వారం రోజులు ఆడిన సినిమా అంటే గిట్టకపోయేది. మూడు రోజులు ఆడిందంటే చెవులు నిక్కబెట్టెటోడు. ఒక్కరోజే ఆడిందంటే స్టూలేసి కూసోబెట్టి చాయ్ తెప్పించెటోడు. ఒక్క ఆటకే డబ్బాలు సర్దుకొని పోయిందంటే, ఇగ ఆ చెప్పినోని చెయ్యి పట్టుకొని వదిలెటోడు కాదు. నూరు రోజుల సినిమా ముచ్చట ఎవరన్న తీస్తే మాత్రం, చుట్టం చెప్పులు విడువకుండ వంటింట్లకు నడిచినట్టు మొకం పెట్టెటోడు.

"గది హిట్టు తమ్మీ. దాన్ని చూస్కోనీకె లోకమంత ఉంది. నేనెందుకు?"

కొత్తకోటల హైవే మీద లారీ పార్సిలాఫీసుల నేను క్లర్కును. పక్క షెట్టరు ఇస్రాయేలన్నది, మోటరు వైండింగు షాపు. రెండువేల ఒకటి, రెండు సంవత్సరాలల్ల భూమిల నీళ్లు అడుగుకు పోయి, బోరు మోటర్లు రోజుకు నాలుగు కాలేటివి. కాలిన మోటరు విప్పి, రాగితీగ కొత్తగ చుట్టి, మళ్ల నీళ్లు పోయించుడు ఆయన పని. ఆ పనిల కొత్తకోట నుంచి కోడేరు దాంక ఆయనకు పేరుండె. కాలిన మోటరు ఎత్తుకొని రైతు పరేషాన్‌గ వస్తే, వేరే మెకానిక్కులు 'ఎప్పుడు కాలింది?' అని అడుగుతరు. మా అన్న అడిగేది వేరే.

"మీ దిక్కు ఏం పడిపోయింది?"

"మా వెనుక గోడ పడిపోయింది సారూ, మొన్న వానకు."

"గోడ కాదయ్యా. సినిమా! పాముది గాని, దయ్యందిగాని, అడవిరాణిది గాని ఏదన్న పడిపోయిందా?"

"నాకు తెల్వదు సారూ. మోటరు..."

"మోటరు రేపు పొద్దుటికల్ల తిరుగుతది. నువ్వు మీ ఊరోళ్లను అడిగి రా."

మోటరు నిజంగనే పొద్దుటికల్ల తిరిగేది. అందుకే రైతులు కూడ పాపం, ఊరంత అడిగి పడిపోయిన సినిమా పేరు ఒకటి పట్టుకొచ్చెటోళ్లు.

షాపు వెనుక అర్ర నిండ రేకు డబ్బాలే. ఒక్కొక్క డబ్బాల ఒక్కొక్క రీలు. మూతపడ్డ టాకీసులు, టెంటు టాకీసులు, తుక్కు దుకాణాలు తిరిగి పోగేసిండు. 'గబ్బిలం గర్జించింది', 'గొరిల్లాకు కోపమొచ్చింది', 'పాతాళంలో పెళ్లిచూపులు', 'ఆరుగురు ఆడదొంగలు అడవిలో', గిసొంటియి. అన్నిటి మీద 'పెద్దలకు మాత్రమే' అని రాసుండేది. పెద్దలు గూడ చూడలేదు కాబట్టే అవి ఆయన దగ్గరికి వచ్చినయి.

గోడలకు పోస్టర్లు. వాటి మీద ఆడోళ్లకు నడుం దాంక మనిషి, కింద పాము. కొందరికి కింద కూడ మనిషే గాని బట్టలు తక్కువ. ఆయన భార్య ఇందిరమ్మ వదినె ఊకుంటదా? పాత కాలెండరు కాగితాలు కత్తిరించి, గంజి పూసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రవికె అంటించింది. అడవిరాణికి జనవరి నెల, ఆడదొంగలకు వరుసగ జూలై నుంచి డిసెంబరు.

"పోస్టరు పాడు చేస్తివి గదనే!" అని అన్న లబలబలాడిండు.

"పాడుగున్నది పోస్టరే. నేను బాగు చేసిన" అన్నది వదినె.

చర్చిల ఈ ముచ్చట తెలిసి, ఒక ఆదివారం ఆరాధన అయినంక అబ్రహాం పాస్టరు నేరుగ షాపుకే వచ్చిండు. నేనక్కడనే ఉన్న.

"ఇస్రాయేలూ, సైతాను బొమ్మలు ఇంట్ల పెట్టుకున్నవంట?"

"సైతానే అయ్యగారూ. కాని ఒక్కసారి చూసి తిట్టున్రి."

చూడకుండ తిట్టుడు న్యాయం కాదని పాస్టరయ్య కూసున్నడు. అన్న తన పాత ప్రొజెక్టరుల రీలు ఎక్కించిండు. తెల్లచీర దయ్యం గాలిల ఎగురుకుంట వస్తుంటే, ఆమెను మోసే తాడు పోయి పందిరి గుంజకు చిక్కుకుంది. దయ్యం ఆడనే వేలాడుకుంట గిర్రున తిరుగుతుంది గాని డైలాగు మాత్రం ఆపుతలేదు. పాస్టరయ్య ముందుగాల గొంతు సవరించుకున్నడు. తర్వాత దస్తీ నోట్ల కుక్కుకున్నడు. రీలు అయిపోయింది.

"దయ్యం కిందికి దిగిందా?"

"అది రెండో రీలు అయ్యగారూ."

"దిగిందో లేదో తెల్వకుండ ఇంటికి పోయి ప్రార్థన ఎట్ల చేయాలె? ఎక్కియ్యి."

మళ్ల వారం సైతాను గురించి వాక్యం చెప్పుకుంట పాస్టరయ్య నడుమల రెండుసార్లు నవ్విండట. జనానికి ఎందుకో తెల్వలే.

నేనైతే ఒకసారి గట్టిగనే అడిగిన. "అన్నా, ఇన్ని మంచి సినిమాలుండంగ ఈ చెత్త ఏంది నీకు?"

ఆయన ఒక పాము సినిమా ఎక్కించి, గోడ మీద వేలు పెట్టిండు. "తోకకు దారం కనబడుతుందా?"

"కనబడుతుంది."

"దారం గుంజెటోడు కనబడుతుండా?"

"లేదు."

"పొద దిక్కు చూడు."

నిజమే. పొద పక్కపొంటి మాసిన లాగు, ఒక మోకాలు కనబడుతున్నయి.

"పెద్ద సినిమాలల్ల ఈ మోకాలును కనబడనియ్యరు తమ్మీ. ఆ మనిషి పొద్దందాక ఎండల మోకాళ్ల మీద కూసొని పామును గుంజిండు. తెర మీద ఆయన పేరు పడలే. సినిమా మూడు రోజులకు పోయింది. ఆయన పని చేసిండనేటందుకు ఈ మోకాలే మిగిలింది. దీన్ని గూడ తుక్కుల ఏస్తే ఎట్ల?"

ఆయనే మళ్ల, "అదిగాక నవ్వొస్తది" అన్నడు.

ఆయనసొంటోళ్లు లోకంల ఇంక ఉన్నరని మాకు రెండువేల నాలుగుల తెలిసింది. హైదరాబాదు నుంచి శ్రవణ్ కుమార్ అని కంప్యూటర్ల కొలువు చేసే పిలగాడు కారేసుకొని వచ్చిండు. పడిపోయిన సినిమాలు పోగేసెటోళ్లంత ఇంటర్నెట్టుల ఒక గుంపట. ఆ గుంపుల మా అన్న పేరు తిరుగుతుందట.

"సార్, మీ దగ్గర 'శనివారం లేచిన శవం' మొత్తం ఉందని విన్నాను. నిజమేనా?"

అది మా అన్న సంపదల కిరీటం. ఆ సినిమా వనపర్తిల ఒకే ఒక్క ఆట ఆడింది. అది గూడ సగానికే జనమంత లేచిపోయిన్రు. శవం లేచిందో లేదో చూసినోడు లేడు. ఇంకెక్కడ దాని కాపీ లేదని శ్రవణ్ కుమారే చెప్పిండు. డబ్బాలను చూసి, గుళ్ల నిలబడ్డట్టు చెప్పులు విడిచిండు పిలగాడు.

"నాకిచ్చేయండి సార్. కొత్త టీవీ, డీవీడీ ప్లేయర్ తెచ్చిస్తాను. ఏది కావాలంటే అది."

మా అన్న రెండు చేతులు చాపి డబ్బాలకు అడ్డం నిలబడ్డడు. "శవం నా దగ్గరనే ఉంటది బాబూ. చాయ్ తాగి పో."

పిలగాడు చాయ్ తాగి, గోడ మీద ఫోన్ నంబరు రాసి, వెనుకకు చూసుకుంట పోయిండు.

ఇన్ని ఉన్నా అన్నకు ఒక్క కొరత ఉండె. అది 'కొండచిలువ కోడలు' నాలుగో రీలు. అత్త ఆరళ్లు పడలేక కోడలు అమాసకు కొండచిలువగ మారి, ఊరోళ్లను ఒక్కొక్కరినే మింగుకుంట వచ్చే కథ. పంతొమ్మిదొందల ఎనభై మూడుల నల్లమలల, మన్ననూరు దిక్కు తీసిన్రు. ఆడింది మూడు రోజులు. నాగర్‌కర్నూల్ల ఒక టాకీసును ఫంక్షన్ హాలు చేస్తున్నప్పుడు ఆ సినిమా పదమూడు రీళ్లు దొరికినయి. నాలుగోది లేదు.

దాని కోసం ఐదేండ్లు తిరిగిండు. కర్నూలు పోయిండు, మహబూబ్‌నగర్ పోయిండు, రాయచూరు మూడుసార్లు పోయిండు. ఎప్పుడో సినిమాలు పంచిన ఆఫీసుల చిరునామాలు పట్టి కార్డులు రాసిండు. కార్డులు 'ఈ పేరు గలవారు లేరు' అని తిరిగొచ్చేటివి. ఇంకో చిరునామాకు రాసెటోడు. మా ఆఫీసుకొచ్చే ప్రతి లారీ డ్రైవరుకు, డీజిలు పోసుకునే లోపల, నాలుగో రీలు సంగతి అప్పజెప్పెటోడు.

"పదమూడు రీళ్లల్ల ఊరినంత మింగింది గద" అనేది వదినె. "ఆ ఒక్క రీలుల ఇంకెవర్ని మింగుంటది?"

వేరే ఏ మాటకైనా ఎదురు చెప్పే మనిషి, ఈ మాటకు మాత్రం తల వంచుకొని తీగ చుట్టుకునెటోడు.

రెండువేల ఆరు ఫిబ్రవరిల, మధ్యాహ్నం పూట, వెంకటన్న అనే డ్రైవరు లారీ దిగుడుతోనే ఉరికొచ్చిండు. "ఇస్రాయేలన్నా! గద్వాల దాటినంక రాయచూరు రోడ్డు మీద ఒక జొన్నచేను చుట్టు సినిమా ఫిలిం కట్టిన్రు, పిట్టలు రాకుంట. నువ్వడుగుతవని ఒక ముక్క తెంపుకొచ్చిన."

జానెడు ముక్క. అన్న దాన్ని ఎండకు పట్టి ఒక కన్ను మూసిండు.

"తోక" అన్నడు.

"ఎవరిది?" అన్న నేను.

"కోడలిది."

ఆ నిమిషమే షెట్టరు గుంజిండు. నన్ను కూడ గుంజిండు. ఎర్రవల్లి కాడ బస్సు మారి, గద్వాల దాటి, వెంకటన్న చెప్పిన కాడ దిగినం. ఎకరంన్నర జొన్న, కంకులు పాలు ఆరి గట్టిపడుతున్నయి. చేనుకు అడ్డం, పొడుగు గుంజలు పాతి, గుంజగుంజకు ఫిలిం లాగి కట్టిన్రు. గాలి వచ్చినప్పుడల్ల గరగరమని మోగుతుంది, ఎండకు తళతళ మెరుస్తుంది. నడుమల మంచె మీద అరవై ఏండ్ల ఆడామె వడిసెల పట్టుకొని నిలబడ్డది. ఆమె పేరు జములమ్మ, సరిహద్దు ఊరు కాబట్టి మాటల్ల కన్నడం కలుస్తది.

"ఏయ్, యారప్పా మీరు? చేన్ల ఏం కెలుకుతున్రు?"

"పెద్దమ్మా, ఈ ఫిలిం ఎక్కడిది?"

"మా తమ్మునిది. టెంటు టాకీసు నడిపేటోడు. అది మూతపడ్డంక బెంగుళూరు పనికి పోయిండు, ఈ డబ్బాలు నా నెత్తిన పెట్టి. ఇది ఆడుతుంటే ఒక్క మనిషి టెంటు దిక్కు రాకపోయె. మనుషుల్నే తరిమింది, పిట్టల్ని తరమదా అని కట్టిన. తరుముతుంది."

"నాకియ్యి పెద్దమ్మా."

"బ్యాడప్పా. పిట్టలు నా కంకులు తింటే నువ్వొచ్చి తోల్తవా?"

మెరిసే రిబ్బన్లు తెస్తనన్నడు. పాత రేకులు కడ్తనన్నడు. ఆమె అన్నిటికి తల అడ్డంగ ఊపింది. "అన్ని చూసిన. పిట్టలకు ఫిలిమే భయం."

"అయితే ఫిలిమే తెస్త. చేను మొత్తానికి సరిపోను. కట్టి, ఇది విప్పుకొని పోత."

తెల్లారి ట్రాలీ ఆటోల గబ్బిలం, గొరిల్లా, పాతాళం అన్ని ఏసుకొని పోయినం. జములమ్మ మంచె దిగి, ఒక్కొక్కటి చేతుల పట్టుకొని గుంజి చూసింది. గబ్బిలం పుటుక్కుమంది. గొరిల్లా పుటుక్కుమంది. పాతాళమైతే ముట్టంగనే విరిగింది.

"ఇవి ముసలివప్పా. గాలికి ఆగవు. గట్టిది తే."

అన్న గట్టు మీద కూసున్నడు. నేను అప్పుడే అనుకున్న, ఇగ లేచి ఇంటికి పోదమంటడని. లేచిండు, ఇంటికే పోదమన్నడు. కాని మూడోనాడు పొద్దుగాల మళ్ల ఆటోల పద్నాలుగు డబ్బాలు ఉన్నయి. నేను మూత మీది పేరు చదివి గుండె పట్టుకున్న.

"అన్నా! శవమా?"

"ఒక్క ఆటే ఆడింది గద. అరగలే. కొత్తదాని లెక్క గట్టిగుంటది."

"ఆ హైదరాబాదు పిలగాడు తెలిస్తే సచ్చిపోతడు! పోనీ, సగం కట్టు, సగం దాచుకో."

"సగం శవం ఇంట్ల పెట్టుకొని ఏం చేయాలె తమ్మీ?"

జములమ్మ గుంజింది. తెగలే. ఇంకా గట్టిగ గుంజింది. తెగలే. "హా, ఇది సరి" అన్నది.

ఇగ చూడున్రి మా గతి. ఒక గుంజ ఫిలిం విప్పాలె, ఆడ శవాన్ని కట్టాలె. విప్పిన కాడ సందు దొరికిందని పిట్టలు దిగేటివి. జములమ్మ వడిసెల నా చేతికిచ్చి మంచె ఎక్కించింది. పార్సిలాఫీసుల బిల్లులు రాసే నేను, రెండు రోజులు మంచె మీద నిలబడి "హో... హో..." అని ఒర్లిన. విసిరిన మొదటి రాయి పోయి మా అన్న వీపుకే తగిలింది. ఆయన తిరిగి గూడ చూడలే. విప్పిన ప్రతి ముక్క ఎండకు పట్టుడు, చూసుడు, చుట్టుడు. జములమ్మ తమ్ముని డబ్బాలల్ల మూడు సినిమాలు కలిసున్నయి. ఏ ముక్క దేనిదో చూసి ఏరాలె. మెడ పట్టేసింది, కండ్లు ఎర్రగైనయి, గుంజల పేడ్లు గుచ్చుకొని వేళ్లు తెగినయి.

"చాలు తమ్ముడా, జర గంజి తాగు" అని జములమ్మే జాలిపడ్డది.

"ఇంక నాలుగు గుంజలున్నయి పెద్దమ్మా."

రెండోనాడు రెండు గంటలైంది. నేను మంచె మీదికెల్లి చూస్తున్న. అన్న ఒక ముక్కను ఎండకు పట్టిండు. దించి, కండ్లు తుడుచుకొని, మళ్ల పట్టిండు. జొన్న సాళ్ల నడుమల అట్లనే కూలబడ్డడు.

"దొరికిండు" అన్నడు.

రీలైతే దొరికింది అనాలె. దొరికిండు అంటుండేంది అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కాని నా కండ్లు పిట్టల మీద ఉండె.

వానకు తడిసి, ఎండకు కమిలి, పిట్టల రెట్టతోని నిండిన ఫిలిం అది. పది నిమిషాల రీలుకు ఏడు నిమిషాలే మిగిలింది. ఇందిరమ్మ వదినె పాత నూలు చీర చింపి, షాంపూ నీళ్లల్ల ముంచి ముంచి తుడిచింది. దండెం మీద బట్టలకు బదులు కొండచిలువ ఆరింది. తెగిన కాడ అన్న ముక్కకు ముక్క అంటించిండు. ఎన్ని అతుకులని అడిగితే, "లెక్కపెడితే భయమైతది" అన్నడు.

మళ్ల ఆదివారం, ఒక ట్రాలీ ఆటో మాట్లాడి ప్రొజెక్టరు, స్పీకరు, నాలుగో రీలు ఎక్కించిండు. వదినె సద్ది కట్టుకొని, పెట్టెల దాచిన కొత్త తెల్ల దుప్పటి చంకల పెట్టుకొని ఎక్కింది. నన్ను గూడ రమ్మన్నరు.

"ఏడికన్నా?"

"మన్ననూరుకు. చిన్న పనుంది."

వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఆగినం. పులుల అడవి, అన్ని చూడంది లోపలికి ఇడువరు. గార్డు డబ్బా మీద కర్రతోని కొట్టిండు.

"దీంట్ల ఏముంది?"

"కొండచిలువ" అన్నడు మా అన్న, ఆలోచన లేకుండ.

గార్డు నాలుగు అడుగులు వెనుకకు దుంకిండు. "కొండచిలువను పట్టుకొచ్చిన్రా? కేసైతది!"

"పట్టుకొచ్చింది కాదు సారూ, చుట్టుకొచ్చింది" అని వదినె మూత తీసి చూపించింది. గార్డు ఫిలిం ముక్క గుంజి ఎండకు చూసి, "ఎన్ని గంటలకు ఆట?" అని అడిగిండు.

మన్ననూరు బడి వాకిట్ల ఒక ముసలామె ఊడుస్తుంది. చెంచు పెంటల, అంటే వాళ్ల గూడెంల ఉంటది, పేరు ఈదమ్మ. అన్న పోయి ఆమె ముందర నిలబడ్డడు.

"ఈదమ్మవ్వా, బాగున్నవా?"

"యాది లేదు బిడ్డా. ఎవరు నువ్వు?"

"ఐదేండ్ల కింద ఈడ ఫారెస్టు గెస్టుహౌసు మోటరు చేయనీకె వచ్చిన. నాకు జొన్నగటక పోసినవు."

"చానమందికి పోసిన."

"గటక పోసుకుంట, మీ ఆయన ముచ్చట చెప్పినవు. సినిమాల ఆయన్ను పాము మింగింది అని."

ఆమె చీపురు పక్కకు పెట్టింది.

ఆ ముచ్చట నేను అప్పుడే ఇన్న. ఇరవై మూడేండ్ల కింద సినిమా కంపెనీ అడవికి వచ్చిందట. రబ్బరు కొండచిలువ నోట్లకు పట్టే బక్కమనిషి కావాల్నని, ఈదమ్మ పెనిమిటి మాసయ్యను పట్టుకున్నరట. ఆ సినిమా అచ్చంపేటకు వచ్చిందని తెలిసి మొగడు పెండ్లాలు అడవి దారిల నడిచి పోయిన్రట. పోయేసరికి మూడు రోజులైపోయి, టాకీసు మీద వేరే బొమ్మ ఉందట. తర్వాత నాలుగేండ్లకు జరమొచ్చి మాసయ్య పోయిండు. బిడ్డకు అప్పుడు ఏడాది. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. ఐదేండ్ల కింద గటక పోసుకుంట ఈదమ్మ ఒక్క మాట అన్నదట. "బిడ్డకు వాళ్ల నాయిన మొకమే తెల్వదు. ఇప్పుడు నాకు గూడ మసకమసకైతుంది బిడ్డా."

దొరికిన పదమూడు రీళ్లల్ల మాసయ్య లేడు; గా ఒక్క మాటకు ఈ మనిషి నాలుగో రీలు కోసం ఐదేండ్లు తిరిగిండు. తెస్తనని ఆమెకు మాట గూడ ఇయ్యలే.

"మాకన్న చెప్పకపోతివేంది అన్నా?" అన్న నేను.

"దొరకకపోతే? ఆమెకు ఆశ పెట్టి, మీకు నవ్వు పెట్టి, నేను ఏడికి పోవాలె?"

బడి గది కిటికీలకు గొంగళ్లు కట్టినం. వదినె తన కొత్త దుప్పటి గోడకు కొట్టింది. పెంట నుంచి పిల్లలు, ఆడోళ్లు, ఈదమ్మ బిడ్డ, మనుమరాలు, డ్యూటీ దిగిన గార్డు, అందరు చాపల మీద కూసున్నరు. ప్రొజెక్టరు టకటకమంది.

తెర మీద రంగు ఎలిసి అంత గులాబీగుంది. గీతలు వాన లెక్క పడుతున్నయి. నాలుగు నిమిషాలు ఎవరో అత్త, ఎవరో కోడలు. తర్వాత అడవి దారి. ఆ దారిల బక్కగ, భుజం మీద తేనెకుండ పెట్టుకొని, ఒక మనిషి నడిచొచ్చిండు. కెమెరా దిక్కు చూడొద్దని వాళ్లు చెప్పే ఉంటరు. ఆయన చూసిండు. చూసి, పండ్లన్ని కనబడేటట్టు నవ్విండు.

మనుమరాలే ముందుగాల అన్నది. "అవ్వా, తాత ముక్కు అమ్మ ముక్కే!"

ఈదమ్మ బిడ్డ చెయ్యి దానంతట అదే ముక్కు మీదికి పోయింది.

ఇంతల పొదల చప్పుడైంది. మాసయ్య ఆగి, వెనుక ఎవరో పెట్టిన గొంతుతోని, "యారు? యారు నీను?" అన్నడు. అది కన్నడ డబ్బింగు రీలు. జొన్నచేన్ల ముక్కలను ఎండకు పట్టి చూసుడే గాని మాట ఇన్నది లేదు, మాకు తెల్వనే తెల్వదు.

"ఏమంటుండు?" అన్నది ఈదమ్మ.

లారీ డ్రైవర్లతోని నాకు జర కన్నడం వచ్చు. "ఎవరు నువ్వు అంటుండు అవ్వా."

"నేను! ఈదమ్మను!" అన్నది ఆమె తెర దిక్కు గట్టిగ. గదంత ఒక్కసారి నవ్వింది. ఆమె గూడ నవ్వింది. "ఇంట్ల తెలుగుల పిలిస్తెనే పలికేటోడు కాదు. ఇప్పుడు కన్నడంల అడుగుతుండు చూడు!"

రబ్బరు కొండచిలువ వచ్చింది. మింగింది. పిల్లలు "అయ్యో" అన్నరు. రీలు అయిపోయింది.

"మళ్లెయ్యి బిడ్డా."

మళ్లేసిండు. మళ్ల ఆమె "ఈదమ్మను" అన్నది. మళ్ల పాము మింగింది. మూడోసారి ఎక్కిస్తుంటే ఆమె లేచొచ్చి అన్న భుజం పట్టుకుంది. "బిడ్డా, ఆ మింగేది వద్దు. దానికి ముందరనే ఆపు."

"ఆపితే దీపం వేడికి బొమ్మ కాల్తది అవ్వా. ఉన్నది ఇదొక్కటే."

"అయితే ఎట్ల?"

అన్న నెత్తి గోక్కున్నడు. ప్రొజెక్టరు దిక్కు చూసిండు. స్క్రూడ్రైవరు తీసి, మోటరు మూత విప్పి, లోపల రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు కట్టిండు. "జర కూసో అవ్వా" అని స్విచ్చేసి, వెనుకకొచ్చే ఫిలిం చుట్టుకునేటట్టు పై చక్రాన్ని చేతితోని తిప్పుడు మొదలుపెట్టిండు.

మోటరు ఎదురు తిరిగింది. సినిమా ఎదురు తిరిగింది. తెర మీద కొండచిలువ నోరు తెరిచి, ముందుగాల రెండు కాళ్లు, తర్వాత నడుం, తర్వాత భుజాలు, మాసయ్యను మొత్తానికి మొత్తం బయటికి కక్కింది. కింద పడ్డ తేనెకుండ ఎగిరొచ్చి ఆయన భుజం మీద కూసుంది. పాము పొదలకు వెనుకకు పోయింది. పిల్లలు చాపల మీద నిలబడి చప్పట్లు కొట్టిన్రు. గార్డు ఈలేసిండు.

మాసయ్య ఏదో మాట్లాడుతుండు, గుర్రుగుర్రుమని.

"ఇప్పుడేం భాష బిడ్డా?"

"వెనుకటి భాష అవ్వా."

మాసయ్య మా అందరి దిక్కు చూసి పండ్లన్ని బయటపెట్టి నవ్విండు. నవ్వుకుంటనే, మా దిక్కే చూసుకుంట, ఒక్కొక్క అడుగు వెనుకకు వెనుకకు ఏసుకుంట అడవి దారిల పోతుండు. ఈదమ్మ చాప మీద ముందుకు జరిగి కూసొని, చెయ్యెత్తి కేకేసింది.

"ఓయ్! వెనుక చూసుకొని నడువ్! రాయి తగుల్తది!"